క్షమాపణ పేజీ

కరోనా తగ్గి కాలేజీలు మామూలుగా నడవడం మొదలైన ఏడాది, ఉగాది దాటిన తరువాత నేను కోదాడలోని ఒక ప్రెస్సు ఆఫీసులో పేజీలు కట్టే పనిలో చేరాను. చదివింది అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే, మెకానికల్. ఇప్పుడు మిర్యాలగూడలో బియ్యం మిల్లు యంత్రాల మెయింటెనెన్సులో ఉన్నాను. రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. కానీ పేజీలు కట్టే పనితో నా సంబంధం ముగిసిపోయింది. తిరిగి పోయేది లేదు కాబట్టి ఆ పని గురించి రిటైరైనవాడిలాగే రాస్తున్నాను.

ముందు పని ఎలా జరిగేదో చెప్పాలి. రాతప్రతి కోదాడ ఆఫీసుకు వచ్చేది. నేను టైపు చేసి, పేజీలుగా అమర్చి, ప్రూఫు తీసి రచయితకు ఇచ్చేవాణ్ణి. ఆయన దిద్ది సంతకం పెట్టాక ఫైలు సూర్యాపేటకు వెళ్ళేది. అచ్చు యంత్రం, ప్లేట్లు తీసే గది అక్కడ ఉండేవి. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. ప్లేటు తీశాక ఒక అక్షరం మార్చాలన్నా ఆ ఫారానికి కొత్త ప్లేటు కావాలి. అందుకే ప్రూఫు మీద రచయిత సంతకం లేకుండా ఏ పేజీ కోదాడ దాటకూడదని మా ఓనర్ జనార్దన్ గారి నియమం.

మాకు వచ్చే పుస్తకాల్లో సగానికి పైగా భక్తి పుస్తకాలే. భజన కీర్తనలు, శతకాలు, ఊరి దేవుడి మహిమలు. వాటికి ఒక వరుస ఉంటుంది. ముందు గణపతి ప్రార్థన, తరువాత గురుప్రార్థన, ఆ పైన కీర్తనలు, చివర క్షమాపణ, మంగళహారతి, ఫలశ్రుతి. నేను చేరిన మొదటి వారంలోనే ఓనర్ నాకు కంప్యూటరులో ఒక ఫైలు చూపించారు. దాని పేరు ‘ముందు–వెనుక’. అందులో ప్రార్థనలు, క్షమాపణలు, హారతులు రకానికి కొన్ని సిద్ధంగా ఉండేవి. రచయిత నడుమ భాగం తెస్తే చాలు, మొదలు, చివర మనమే అతికించవచ్చు. “మొదలు దండం, ఆఖరుకు దండం. నడుమదే వాళ్ళ సొంతం. నువ్వు గాబరా కాకు” అన్నారు ఆయన.

నాకు ఆ పద్ధతి నచ్చింది. బోల్టులు, నట్లు ప్రతి యంత్రానికీ కొత్తగా తయారు చేయరు కదా. నేను ఆ ఫైలును ఇంకా శుభ్రం చేశాను. గణపతివి ఒక చోట, సరస్వతివి ఒక చోట, క్షమాపణలు పొడుగును బట్టి. అలా సర్దుతున్నప్పుడే ఒక విషయం గమనించాను. క్షమాపణలన్నిటిలో మాటలు వేరైనా లోపలి మాట ఒకటే: తెలియక చేసిన తప్పులు మన్నించమని. ఇది పద్ధతి అనుకున్నాను, దరఖాస్తు చివర ‘తమ విధేయుడు’ అని రాసినట్టు.

నడిగూడెం సత్తమ్మ పుస్తకం జ్యేష్ఠమాసంలో వచ్చింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఊళ్ళో పిండి గిర్ని నడుపుతుంది. ఊరి రామాలయంలో భజన నడిపించేది కూడా ఆమే. ఆమె పాటలను తొలి ఏకాదశి నాటికి పుస్తకంగా తెచ్చి స్వామి ముందు పెట్టాలని భజన బృందం వాళ్ళు నిర్ణయించుకున్నారు. అట్ట మీద ఆమె పేరు వేద్దామంటే వద్దంది. ప్రతి పాట చివరి చరణంలో తనను తాను ‘గిర్ని దాసి’ అని చెప్పుకుంది, అది చాలట.

వరుసలో ఒక్కటి లేదు. క్షమాపణ. నేను అడిగితే, “రాస్తున్న బిడ్డా. అయితలేదు” అంది.

ఆగితే తొలి ఏకాదశికి పుస్తకం అందదు. పేజీల లెక్క తేలాలి కాబట్టి నేను మా ఫైలులోంచి ఒక క్షమాపణ తీసి ఆ జాగాలో పెట్టి ప్రూఫు తీశాను. అది మా పనిలో మామూలే. సత్తమ్మ ప్రూఫు చూసుకోవడానికి ఆఫీసుకు వచ్చింది. జుట్టులో పిండి అట్లాగే ఉంది. ప్రతి పాటనూ చదవకుండా పాడింది, చిన్న గొంతుతో, కాగితం మీద వేలు నడిపిస్తూ. పక్క టేబుల్ మీద పెళ్ళికార్డులు ఎంచుకుంటున్న వాళ్ళు కూడా తల ఎత్తి విన్నారు. నేను పెట్టిన క్షమాపణ దగ్గరికి వచ్చి, ‘తెలియక చేసిన తప్పులు’ అనే చోట ఆగింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది.

“ఇది ఎవరు రాసిన్రు?”

రెడీగా ఉన్నదేనని చెప్పాను. ఓనర్ లోపలి నుంచి, “అందరు అదే పెట్టుకుంటరమ్మా” అన్నారు.

“అందరి తప్పు ఒక్కటేనా సారూ?” అంది. పెళ్ళికార్డుల వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

తరువాత నాకు తన పద్ధతి చెప్పింది. పాట కట్టగానే ఎవరికీ వినిపించదు. పొద్దున గిర్ని తెరవకముందే గుడికి పోయి, ఎవరూ లేనప్పుడు స్వామి ముందు నిలబడి పాడుతుంది. “అబద్ధమున్న కాడ గొంతు ఆగుతది బిడ్డా. ఆగిన కాడ మాట తీసేస్త. ఆగకుంట ఆఖరు దాక పోతెనే అది పాట” అంది. ఏ యంత్రాన్నైనా బరువు ఎక్కించి నడిపి చూశాకే మేము సరే అంటాం. ఆమె ప్రార్థన అలాంటి పరీక్ష. నేను అంతవరకూ ప్రార్థనను పుస్తకం మొదటి పేజీలో ఉండే భాగం అనుకున్నాను. ఆమెకు అది ప్రతి పేజీకీ ముందు జరిగే పని. మూడేళ్ళ నుంచీ పాటలన్నీ ఆ పరీక్ష దాటాయి, క్షమాపణ ఒక్కటే దాటలేదు. ఎన్నిసార్లు కట్టినా గొంతు ఆగిపోతోంది.

మిగతా పేజీలన్నిటి మీద సంతకం పెట్టి, క్షమాపణ పేజీ మీద మాత్రం పెట్టకుండానే వెళ్ళిపోయింది.

అదే వారంలో బియ్యం బస్తాల మీద వేసే బొమ్మల నమూనాలు చూపించడానికి ఓనర్ నన్ను మిర్యాలగూడ పంపారు. క్షమాపణ గురించి ఫోను చేసినప్పుడు ఆ సంగతి నా నోట విని సత్తమ్మ పొద్దున్నే కోదాడ బస్టాండుకు వచ్చి నిలబడింది. “నన్ను గూడ తీస్కపో. గాడ ఒకామెను కల్వాలె. ఒక్కదాన్ని పోతె ఇంటి ముంగటికెల్లి మర్లి వస్త. నువ్వుంటె సిగ్గుకన్న లోపలికి పోత” అంది.

చేతిసంచిలో ఏదో లోహం చప్పుడైంది. హుజూర్‌నగర్ దాటాక చెప్పింది.

అనసూయ అని, ఆమె కంటే చిన్నది, వాళ్ళ వాడకట్టు మనిషే, భజనలో పక్కన కూర్చుని పాడేది. మూడేళ్ళ కింద శ్రీరామనవమి భజనలో, ఊరంతా కూర్చున్నప్పుడు, సత్తమ్మ ఆమె చేతిలోని ఇత్తడి తాళాలు గుంజుకుంది. శ్రుతి తప్పుతున్నావు, దేవుని ముందు గొంతు చూపించుకోవడానికి వచ్చావా అని అందరూ వినేటట్టు అంది. అనసూయ లేచి వెళ్ళింది. మళ్ళీ గుడికి రాలేదు. తరువాత మిర్యాలగూడలో ఉన్న బిడ్డ దగ్గరికి పోయింది. అక్కడ కూడా పాడటం లేదని ఊరివాళ్ళు చెబుతున్నారు.

“నిజంగా శ్రుతి తప్పిందా అమ్మా?” అని అడిగాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

అనసూయ వాళ్ళ ఇల్లు మిల్లుల వెనక వీధిలో ఉంది. తవుడు వాసన గుప్పున వచ్చింది. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

“ఓహో, సత్తెక్క! పుస్తకం అచ్చయితున్నదట గద. నాకు దావత్ ఇయ్యనీకె వచ్చినవా?”

“కాదే. నీతోని మాట్లాడనీకె వచ్చిన.”

“మాట్లాడు మరి. గీడ తాళాలు లెవ్వు గుంజుకోనీకె.”

నన్ను చూపించి ఈ పోరగాడు ఎవరని అడిగింది. ప్రెస్సు నుంచి వచ్చానని చెప్పాను. “సాక్ష్యానికి తెచ్చుకున్నదా?” అంది. వాళ్ళ బిడ్డ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. సత్తమ్మ గ్లాసు పట్టుకుంది కాని తాగలేదు.

“అనసూయా, ఆనాడు తెల్వక నోరు జారింది. మనసుల పెట్టుకోకు.”

అనసూయ చింతపండు చాటను పక్కకు పెట్టింది.

“తెల్వకనా? సత్తెక్కా, పసుపుకొమ్ములల్ల రాయి ఉంటే గిర్ని తిరుగుతుండంగ చప్పుడు విని పట్టుకుంటవు. నీకు తెల్వక మాట వస్తదా? నువ్వు తెల్వక అన్లేవు. గా మాట ఇంకోసారి అనకు.”

వాకిలి అవతల మిల్లు నడుస్తోంది. సత్తమ్మ చేతిలోని గ్లాసును నేల మీద పెట్టింది.

“అవ్” అంది. “తెలిసే అన్న. నువ్వు శ్రుతి తప్పలే. నీ గొంతు లేస్తుంటే అందరు నీ దిక్కే సూసిన్రు. పాట నాది, మెచ్చుకోలు నీకు. సూడలేక అన్న.”

సంచిలోంచి ఇత్తడి తాళాలు తీసి అనసూయ ముందు పెట్టింది. పెట్టి, వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. అనసూయ గభాలున కాళ్ళు వెనక్కి గుంజుకుంది.

“ఏయ్! పెద్దదానివి, నాకు పాపం చుట్టపెడతవా? లే!”

సత్తమ్మ లేవలేదు. ఆ వంగిన చోటనే, తల ఎత్తకుండా, పాడింది. నేను అంతవరకూ విన్న పాట కాదు. అప్పుడే వస్తున్నదని నాకు అర్థమయ్యేసరికి మూడో పాదం నడుస్తోంది.

తెలిసే అన్నానయ్య, తెలిసే అన్నాను
తోడు పాడిన గొంతు తుంచేసినాను
తెలియదని నీ ముందు పలుకలేను
తెలిసిన తప్పుకే తలవంచినాను

గొంతు ఎక్కడా ఆగలేదు. ఆ పాట దేవుడికా, ఎదురుగా కూర్చున్న మనిషికా అని నేను తేల్చుకోలేకపోయాను. వంగింది మాత్రం ఆ మనిషి ముందే.

అనసూయ ఏడవలేదు, మన్నించానని కూడా అనలేదు. తాళాలు చేతిలోకి తీసుకుని, చీర కొంగుతో తుడిచి, “చిలుము పట్టింది. ఎన్నడన్న తోమినవా?” అంది. ఆ తరువాత నా వైపు తిరిగి, “బాబూ, పుస్తకంల గిదే పడాలె. ‘తెల్వక’ అని పడితే నేను తొలి ఏకాదశికి రాను. రాసుకో” అంది.

నేను రాసుకున్నాను. తిరుగు బస్సులో సత్తమ్మతో సరిచూసుకున్నాను. సంతకం ఆ కాగితం మీదే పెట్టించుకున్నాను.

ఓనర్ ఒప్పుకోలేదు. సూర్యాపేటలో మిగతా ఫారాలు అప్పటికే అచ్చవుతున్నాయి. ఆలస్యం ఆయన అసలు అభ్యంతరం కాదు. “తెలిసి చేసిన అని ఏ భక్తి పుస్తకంల ఉంటది? పాడెటోళ్ళు ఇబ్బంది పడ్తరు. మన ప్రెస్సు పేరు ఉంటది ఆఖరు పేజీల” అన్నారు. రచయిత సంతకం లేని పేజీ కోదాడ దాటకూడదన్నది ఆయన నియమమే, సంతకం ఉన్న క్షమాపణ ఇదొక్కటే అని నేను చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. రెండోసారి కొంచెం నెమ్మదిగా చదివారు. కళ్ళజోడు తీసి, “పంపు” అన్నారు.

తొలి ఏకాదశి నాడు పుస్తకాల కట్టలు తీసుకుని నేనే నడిగూడెం వెళ్ళాను. అనసూయ వచ్చింది. సత్తమ్మ పక్కన కాదు, కొంచెం ఎడంగా కూర్చుంది. తాళాలు ఆమె ఒడిలో ఉన్నాయి, తోమి ఉన్నాయి. భజన మామూలుగానే జోరుగా సాగింది. మగవాళ్ళ గొంతులు పైకి, ఆడవాళ్ళవి ఇంకా పైకి. చివరికి క్షమాపణ వచ్చింది. అందరూ పుస్తకం తెరిచి, అలవాటు చొప్పున గట్టిగా అందుకున్నారు.

మొదటి పాదం దగ్గరే గొంతులు పడిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. ముందు వరుసలో డోలక్ కొట్టేవాడు, వెనక నిలబడ్డ కిరాణా కొట్టాయన, ఒక్కొక్కరుగా తగ్గారు. కొందరి పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఒక పెద్దాయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూశాడు. సత్తమ్మ గొంతు ఒక్కటే మిగిలింది. రెండో పాదానికి అనసూయ తాళం వేసింది. మూడో పాదానికి పాడింది. ఆమె గొంతు గురించి సత్తమ్మ చెప్పింది నిజమే. అందరూ అటే చూశారు. సత్తమ్మ కూడా.

ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దంగా హారతి ఇవ్వడం చూడలేదని పూజారి అన్నాడు. నేను పుస్తకాల రసీదు తీసుకుని సాయంత్రం బస్సుకు కోదాడ వచ్చాను.

ఆ పని వల్ల తెలిసింది ఇది. భక్తి పుస్తకంలో ప్రార్థన, వినయం అనేవి ముందూ వెనకా అతికించే భాగాలు కావు. అవి రాసే పద్ధతి. ఆ పద్ధతి పాటించినవాళ్ళ పుస్తకంలో అవి ఎక్కడున్నాయో వేరుగా చూపించలేం. పాటించనివాళ్ళ పుస్తకంలో మాత్రం వాటి పేజీ నంబరు చెప్పవచ్చు.

మర్నాడు ‘ముందు–వెనుక’ ఫైలులో గణపతి ప్రార్థనలు, హారతులు ఉంచి, క్షమాపణలు తీసేశాను. ఓనర్ చూసి తల ఊపారు. అప్పటి నుంచి పని మానేసే వరకు, రచయిత తేకపోతే ఆ పేజీని ఖాళీగానే ఉంచి ప్రూఫు పంపాను. చాలామంది, పాతది ఏదైనా ఉంటే పెట్టేయండి అన్నారు. లేదన్నాను. కొందరు పుస్తకాన్ని వెనక్కి తీసుకుని చాలా రోజుల తరువాత వచ్చారు. ఆలస్యం ఎందుకైందని వాళ్ళను అడగలేదు.