మా అమ్మ చూపించిన చోట తూము

మా చిన్నప్పుడు... పటమట దాటితే అంతా వరి పొలాలే. ఒక ఎండాకాలం పొద్దున లేచి చూస్తే, ఆ పొలాల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి సున్నపు గీత! గీతకు అటూ ఇటూ కర్రలు పాతి తాళ్లు కట్టారు. హైవే వస్తోందన్నారు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే లారీలు ఇక బెజవాడ బజార్లలో ఇరుక్కోకుండా మా పక్క నుంచే దూసుకుపోతాయట...

డెబ్బైల్లో మాట. అప్పుడు నాకు పదేళ్లు. మాకు సొంత పొలం లేదు. మా అమ్మ మరియమ్మ, నాట్లు వేసే ముఠాకు పెద్ద. పదహారు మంది ఆడవాళ్లు ఆమె వెంట పనికి వెళ్లేవారు. నాన్న గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో పనిచేసేవాడు. చర్చి వెనక, పొలాల అంచున మా తాటాకిళ్లు.

రెండు నెలల్లో ఆ గీత కాస్తా పెద్ద మట్టికట్ట అయింది. సాయంత్రాలు పిల్లలమంతా కట్టెక్కి పైనుంచి జారేవాళ్లం. పావడాలు ఎర్రమట్టి కొట్టుకుపోయేవి... ఇంటికెళ్లాక వీపులు కూడా ఎర్రబడేవనుకోండి!

అమ్మకు మాత్రం ఆ కట్టను చూస్తే దిగులుగా ఉండేది. పొలాల్లోని వాననీళ్లు దిగిపోవడానికి పాత మురుగు బోదె ఒకటుండేది. ఎండాకాలం ఎండిపోయి ఉత్త గాడిలా కనిపించేది. కట్ట సరిగ్గా దాని మీద పడి పూడ్చేసింది. నీళ్లు పోవడానికి తూము కట్టారు గానీ, చాలా దూరంగా, మెరక మీద కట్టారు.

అమ్మ ముందు కట్ట పని చేయించే మేస్త్రీకి చెప్పింది. అతను చేత్తో విదిలించేశాడు. ఒకరోజు కుర్ర ఇంజనీరు జీపులో వస్తే ఎదురెళ్లి నిలబడింది. పక్కనే నేను.

"అయ్యా, తూము ఇక్కడ పడాలండి. వానొస్తే నీళ్లన్నీ ఇక్కడికే వస్తాయి."

"ప్లాన్‌లో అక్కడే ఉందమ్మా. లెవెల్స్ అన్నీ చూసే గీశారు," అన్నాడాయన జీపు దిగకుండానే.

"గీసినోళ్లు ఈ మడిలో దిగుండరండి. నేను పదిహేనేళ్ల బట్టి దిగుతున్నా."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు గానీ... జీపు వెళ్లిపోయింది.

నారుమడులు పచ్చగా లేచాక ముసురు పట్టింది. రెండు రోజులు తెరిపి లేదు. మూడో రోజు పొద్దున మంచం దిగితే కాళ్ల కింద నీళ్లు! బియ్యం డబ్బా మంచం మీదకెక్కించి బయటికి పరిగెత్తాం. కట్టకు ఇవతల అంతా చెరువే. నారుమడులు కనపడితే ఒట్టు.

ఇంకో రెండు రోజులు అలాగే ఉంటే నారు కుళ్లిపోతుంది. నారు లేకపోతే నాట్లు లేవు. నాట్లు లేకపోతే ఆ పదహారు ఇళ్లలో పొయ్యి వెలగదు...

రైతులు కేకలేస్తున్నారు. జీపు వచ్చింది. అమ్మ అప్పటికే నీళ్లలో ఉంది.

"అయ్యా, మీరొక్కసారి దిగండి. నా మాట నమ్మొద్దు. మీ కాళ్లకే తెలుస్తది."

ఇంజనీరు జీపు దిగి, బూట్లు విప్పి నా చేతిలో పెట్టాడు. ప్యాంటు మడిచి దిగాడు.

అమ్మ ముందు ఆయన్ని కొత్త తూము దగ్గరకు తీసుకెళ్లింది. అక్కడ నీళ్లు చీలమండ కూడా దాటలేదు. తర్వాత కట్ట వెంబడే వెనక్కి నడిపించింది. మోకాళ్లు... తొడలు... బోదె ఉన్న చోటికి వచ్చేసరికి నడుము దాటాయి! మడిచిన ప్యాంటు ఎప్పుడో మునిగిపోయింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకోవడానికి పొడిగుడ్డ లేక అలాగే నిలబడ్డాడు.

"తవ్వించు," అన్నాడు మేస్త్రీతో.

"పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలి సార్?"

"నేను చెప్పుకుంటాలే. ముందు తవ్వించు."

మేస్త్రీ మనుషులు గడ్డపారలు తెచ్చేలోపే అమ్మ ముఠా పారలతో కట్టెక్కేసింది. మధ్యాహ్నానికి గండి పడింది. మొదట వేలెడంత ధార... అంతలోనే ఎర్రటి నీళ్లు హోరున దూకి అవతలి బోదెలో పడ్డాయి. మేం పిల్లలం గొంతులు పోయేలా అరిచాం. సాయంత్రానికి ఇళ్లలో నీళ్లు తీశాయి. మర్నాడు నారు కొసలు బయటపడ్డాయి... ఒళ్లంతా బురదే, అయినా బతికే ఉంది!

కొన్నాళ్లకు పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు వచ్చాయి. వాటిని దింపే ముందు ఇంజనీరు నడుచుకుంటూ మా ఇంటికే వచ్చాడు.

"మరియమ్మ గారూ, ఒకసారి వచ్చి చోటు చూపించండి."

ఆ 'గారు' విని మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పని చేయించుకునేవాళ్లెవరూ అమ్మను అప్పటిదాకా అలా పిలవలేదు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఆయనకంటే ముందు నడిచింది.

మరుసటి ఏడు తారు పడింది. లారీలను వదలడానికి ముందురోజు, ముఠా ఆడవాళ్లంతా చర్చికి కట్టుకెళ్లే చీరలు కట్టుకుని రోడ్డెక్కారు. పక్కగా కాదు... నడి మధ్యన, వరసగా, చెప్పుల్లేని కాళ్లతో. అందరికంటే ముందు మా అమ్మ. గొట్టాలు వేసిన చోటికి రాగానే ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"వినపడతందా?"

వంగి విన్నాను. కింద నీళ్లు గలగలా పోతున్నాయి.

"మద్రాసు లారీ అయినా, కలకత్తా లారీ అయినా... మనం చూపించిన చోటు మీద నుంచే పోవాలే!" అని అమ్మ తల వెనక్కి వాల్చి నవ్వింది. పదహారు మందీ నవ్వారు. ఆ నవ్వులు పటమట దాకా వినపడి ఉంటాయి.

ఇప్పుడక్కడ పొలాలు లేవు, ముఠాలూ లేవు... బెంజ్ సర్కిల్ మీద ఫ్లైఓవర్ ఎక్కామంటే రెండు నిమిషాల్లో అవతల ఉంటున్నాం. కిందేముందో చూసే తీరికెక్కడిది?

మీ ఊళ్లో మొదటి రోడ్డు పడ్డప్పుడు దాని మీద ముందుగా నడిచిందెవరో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగారా ఎప్పుడైనా? అడిగి, వాళ్ల పేర్లు కింద రాయండి... ఒక్కసారైనా అందరం చదువుకుందాం.