ధవళేశ్వరం దాకా పెళ్లిపడవలో

రాజమండ్రికి ఇంకా రైలు రాని రోజులు. మా కూతురికి రెండేళ్లప్పుడు గొంతులో గడ్డ లేచి, ఊపిరి ఈలలా రాసాగింది. మా ఊరి కాంపౌండరు చూసి, "రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. దారిలో పడుకోబెట్టకండి, ఏడవనివ్వకండి. ఏడిస్తే ఊపిరాడదండి" అన్నాడు.

తెల్లవారగానే నేనూ మా ఆయనా కాలవలో పడవెక్కాం. పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకున్నాను. మొదటి లాకు దగ్గర, నీటి తలుపులు తెరవడం కోసం, మా ముందు ఒక పెళ్లిపడవ ఆగి ఉంది. ధవళేశ్వరంలో పెళ్లికూతురి ఇంటికి వెళ్తున్నారు. పెళ్లికొడుకు తండ్రి పిల్లను చూసి, "మాకు గట్టు మీంచి తాడు లాగేవాళ్లు ఎక్కువమంది ఉన్నారండి, తొందరగా చేరతాం, ఇందులోకి వచ్చేయండి" అన్నారు.

మేం ఎక్కుతుంటే మర్యాదకని మేళం ఆపేశారు. పిల్ల మూతి ముడిచింది. "ఆపకండి బాబూ, వాయించండి" అని సిగ్గు విడిచి అడిగాను. సన్నాయి మొదలవగానే దాని ముఖం విచ్చుకుంది. ఇక ఆ సన్నాయాయన వక్క నమలడానికైనా ఆగలేదు.

పడవ వేగం చాలదని పెళ్లికొడుకు పంచె ఎగగట్టి గట్టు మీదికి దూకాడు.

"బుగ్గచుక్క పెట్టుకుని బురదలో నడుస్తావేంట్రా?" అన్నారు తండ్రి.

"పెళ్లి సాయంత్రం కదండీ నాన్నగారూ, కాళ్లు కడుక్కుంటాను" అని తాడు భుజానికెత్తుకున్నాడు.

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను; పిల్ల ఊపిరి వింటూనే నవ్వాను.

ధవళేశ్వరం రేవులో పెళ్లికొడుకు కోసం పూలు కట్టిన గుర్రబ్బండి సిద్ధంగా ఉంది. తండ్రి మమ్మల్ని అందులో ఎక్కించి, సన్నాయాయన్ని కూడా కూర్చోబెట్టారు. రాజమండ్రి దారిలో జనం మమ్మల్నే పెళ్లివాళ్లనుకున్నారు. మా ఆయన మీసం దువ్వుకోవడం నేను చూశాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు గడ్డ కోశారు. పిల్ల గొంతు నిండా ఏడ్చింది. గుమ్మంలో ఉన్న సన్నాయాయన కంగారుగా మళ్లీ వాయించబోయాడు. "ఇంక ఏడవనీయవయ్యా" అన్నారు డాక్టరుగారు. ఆ ఏడుపు వింటూ మా ఆయనా నేనూ ఒకరినొకరు పట్టుకుని పిచ్చివాళ్లలా నవ్వాం.

మూడో రోజు పిల్ల పెరుగన్నం తిని, ఆ చేతులు నా చీరకంతా పూసింది. సాయంత్రం దాకా ఆ చీర మార్చుకోబుద్ధి కాలేదు.