చిన్నమ్మ పొలానికి పోయే బాట

మొన్న యాసంగి వరికోతలప్పుడు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోతూ, తాడ్వాయి దాటాక ఒక వెంచర్ గేటు ముందు కోత మిషన్ ఆగి ఉండడం, దాని నీడన మా చిన్నమ్మ కొంగు కప్పుకొని కూర్చుని ఉండడం చూసి బస్సు ఆపించి దిగాను. ఆ గేటు లోపల ఆఖరి వరుసలో, రిటైరయ్యాక ఆసరాగా ఉంటుందని నేను కొనుక్కున్న ప్లాటు ఉంది. దానికి ఆనుకొనే చిన్నమ్మ పొలం.

మన ఈడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు, అప్పట్లో బండ్లబాట ఏ కాగితంలోనూ ఉండేది కాదు. రెండు దిక్కుల రైతులు తలా ఇంత జాగా వదిలేవారు, అంతే. ఎవరైనా ఆశకొద్దీ ఒక సాలు లోపలికి దున్ని జొన్న చల్లితే కొట్లాట ఉండేది కాదు. మొలక వచ్చాక అందరూ దాని మీదుగానే బండ్లు తోలేవారు, మా బాపు అయితే ఊరంతా వినపడేట్టు ఎడ్లకు గంటలు కట్టి మరీ తోలేవాడు. బాపు తమ్ముడి భార్య చిన్నమ్మ, కాపురానికి వచ్చిన కొత్తలో సద్ది గంప నెత్తిన పెట్టుకొని ఆ బాటన నడుస్తుంటే, గంపలో ఏముందో అని నేను వెనకే ఉరికేవాణ్ణి.

రోడ్డు పక్క రైతులు వెంచర్‌కు భూములు అమ్ముకున్నారు, అది వాళ్లిష్టం. కానీ ఎవరిదీ కాని బాటను అమ్మే హక్కు ఎవడిచ్చాడు? నేను కొనేటప్పుడు చిన్నమ్మకు దారి వదిలామని వెంచరాయన నమ్మబలికాడు, తీరా చూస్తే చుట్టూ గోడ లేచింది. గట్టిగా అడిగితే నవ్వాడు.

“రికార్డుల బాట లేదు సార్. ఉంటె సూపియ్యుమనుండ్రి.”

తహసీల్దారు ఆఫీసుకు పోతే కోర్టుకు పొమ్మన్నారు. కోర్టు తేల్చేదాకా వరి ఆగుతుందా? సిగ్గుండాలి చెప్పడానికి. నోటిమాట మీద మూడు తరాలుగా నడిచిన బాట, కాగితం అడిగిన పూటకే మాయమైంది. ఆ రోజు గేటు దగ్గర చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“పొలమే గుంజుకుంటె ఏడ్చి ఊకుందు బిడ్డ. పొలమున్నది, పోను బాట లేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. వెంచర్ రోడ్లు ప్లాట్లున్నవాళ్లకే అని కదా వాళ్ల మాట! నా ప్లాటుకు నేను ఏ బండి తెచ్చుకుంటే నీకేమని కాపలాదారును పక్కకు జరిపి గేటు బార్లా తెరిపించాను. మిషన్‌ను నా ప్లాటులోకి తోలించి, వెనక గోడను నాలుగు గడ్డపార పోట్లతో పడగొట్టించాను, కేసు పెట్టుకుంటే పెట్టుకోనీ. వరి గట్టున పడింది.

అయినా నా కోపం చల్లారలేదు. కోత అయ్యాక మిషన్ వెనక తిరిగి వస్తూ చిన్నమ్మ నా హద్దురాయి దగ్గర ఆగిపోయింది.

“నీ జాగలకెళ్లి పోతున్న, ఏమనుకోకు బిడ్డ.”

ఆ బాటన నడవడానికి ఆమె ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరగదు. ఇప్పుడు పంట పంటకూ నన్ను అడగాలి, నా తరువాత ఈ ప్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్లను అడగాలి.