కరిగిపోయిన పిస్టన్

ఈ రోజు హిందూపురంలోని మా మెకానిక్ షాపుకు పెనుకొండ నుంచి ఒకతను ఇంజన్ తెచ్చాడు. పేరు రాయను. నీళ్ల మీద నిలబడి నడిపే జెట్ స్కీది, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్. పోయిన నెల చెరువు మధ్యలో అది ఉన్నట్టుండి ఆగిపోయింది. లైఫ్ జాకెట్ లేకుండా వెళ్లిన అతని తమ్ముడు ఒడ్డుకు ఈదలేక మునిగిపోయాడు.

"పెట్రోల్లో ఆయిల్ కలిపేది మర్చిపోయినాడన్నా. ఇంట్లో అందరమూ వాణ్ణే తిట్టుకుంటాండాం. ఒకసారి ఇప్పి చూడు," అన్నాడు.

విప్పాను. పిస్టన్ నెత్తిన రూపాయి బిళ్లంత రంధ్రం. అంచులు కరిగి ఉన్నాయి. కింద బేరింగులు మాత్రం ఆయిల్‌తో తడిగా, నున్నగా ఉన్నాయి.

"ఆయిల్ కలిపినాడప్పా. స్పీడు కోసం ఎవరో సిలిండర్ మీది హెడ్ అరగదీసి, గాలి దారులు పెద్దవి చేసినారు. పెట్రోలు అందించే కార్బురేటర్ను అట్లే వదిలేసినారు. పెట్రోలు చాలక వేడికి పిస్టన్ కరిగింది. ఎవరు చేసినారు ఈ పని?"

అతను పిస్టన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. "నేనే అన్నా," అన్నాడు.

తర్వాత అక్కడి నుంచే వాళ్ల అమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, వాడు ఆయిల్ కలిపినాడంట. వాని తప్పేం లేదంట."

ఆమె ఏడుపు నాకూ వినిపించింది. "మరెందుకు ఆగిపోయిందంట? ఆ మేస్త్రీకియ్యి ఫోను," అంది.

అతను ఫోన్ నాకిచ్చాడు.

"ఇంజన్లు ఒక్కోసారి అట్లా ఆగిపోతాంటాయమ్మా," అన్నాను.

షాపు మూసి ఇంటికొచ్చినా అన్నం సహించలేదు. మీరైతే ఆ తల్లికి ఏం చెప్పేవారు?