నలభై మూడో నంబరు పిల్లోడు

యూనిట్ టెస్టు వారంలోకి వచ్చిందంటే చాలు, యాభై ఆరేళ్ల మునిరామయ్య సారు తొమ్మిదో తరగతి పిల్లోడైపోతాడు.

పుత్తూరు హైస్కూల్లో ఆయన తెలుగు అయ్యవారు. మిగతా అయ్యవార్లు ముఖ్యమైన ప్రశ్నలు బోర్డు మీద రాసి బట్టీ వేయిస్తుంటే, ఈయన చాకుపీసు పిల్లల చేతికిచ్చి, ఆఖరి బెంచీలో గ్రేసీ పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు. తరగతిలో ఉన్నది నలభై రెండు మంది. హాజరు పిలిచేవాళ్లు చివర్న "నలభై మూడు!" అనాలి.

"ఉండా టీచర్!" అని లేచి చేతులు కట్టుకుంటాడు సారు.

అంత మొద్దు పిల్లోణ్ణి ఆ బడి పుట్టాక ఎవరూ చూసి ఉండరు. ఓసారి లోహిత పాఠం చెబుతూ అడిగింది.

"పద్యంలో తల్లి కొడుక్కి ఏం చెప్పింది సార్?"

"అన్నం తిని పొమ్మనింది."

"ఆ మాట యాడ ఉండాది సార్ పద్యంలో?"

"లేకపోతే ఏమి టీచరమ్మా? కొడుకు ఊరికి పోతా ఉంటే ఆ మాట అనని అమ్మ యాడన్నా ఉంటాదా?"

లోహిత నెత్తి కొట్టుకుని భావం అయిదుసార్లు చెప్పింది. అయిదోసారికి నలభై రెండు మందికీ వచ్చేసింది, నలభై మూడోవాడికి తప్ప.

ఇంకోసారి, హోంవర్కు చేయలేదని క్లాస్ లీడరు గోవిందు ఆయన్ని గోడకేసి నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ అలివేలమ్మ మేడం అటు వచ్చింది.

"ఏం సార్ ఇది?"

"హోంవర్కు చేయలేదు మేడం."

"ఎవరు?"

"నేనే."

మేడం కాసేపు ఆలోచించి, "రేపన్నా చేసుకోని రండి" అని వెళ్లిపోయింది.

ఇంతటితో పోనిస్తాడా! టెస్టు కూడా పిల్లలతో కూర్చుని రాసేవాడు. పేపర్లు మార్చుకుని పిల్లలే దిద్దుతారు. శుక్రవారం ప్రార్థనలో మేడం మైకులో ర్యాంకులన్నీ, మొదటిది మొదలు ఆఖరిదాకా చదువుతుంది. వరసగా మూడు టెస్టుల్లోనూ ఆఖరి పేరు సారుదే. బడంతా పగలబడి నవ్వేది. ఆ నవ్వుల్లో, దానికి ముందు చదివిన గ్రేసీ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

నిరుడు, ఎనిమిదో తరగతంతా ఆ ఆఖరి పేరు గ్రేసీదే. లారీలకు మూటలెత్తే ఆమె నాయన రాజారత్నం తేల్చి చెప్పేశాడు: "ఈ ఏడు కడాన నీ పేరు ఒక్కతూరి సదివినా బడి సాలు మే. మగ్గాల షెడ్డులో మనిషి కావాలంట."

నాలుగో టెస్టు వచ్చింది. రాస్తున్నంతసేపూ సారు మెడ జిరాఫీలాగా సాచి గ్రేసీ పేపర్లోకే చూశాడు. గంట కొట్టే ముందు గ్రేసీ, తప్పేమోనని, సరిగ్గా రాసిన ఒక జవాబును అడ్డంగా కొట్టేసింది. అప్పటికే సారు తన పేపరు ఇచ్చేశాడు.

మర్నాడు గ్రేసీ పేపరు గోవిందు దిద్దాడు. ఇరవైకి ఏడు. సారు పేపరు గ్రేసీకి వచ్చింది. చూస్తే, ప్రతి ప్రశ్నకూ ముందు చక్కటి జవాబు రాసి, దాన్ని కొట్టేసి, కింద పిచ్చి జవాబు రాసి ఉంది. ఓ నాలుగు మాత్రం కొట్టకుండా వదిలాడు. పేపరు వెనక మూలన పెన్సిలుతో చిన్న లెక్క: 'గ్రేసీకి తొమ్మిది. నాకు ఎనిమిది చాలు.'

గ్రేసీ ఆ లెక్కకేసి చాలాసేపు చూసింది. ఒక్క జవాబు తప్పని రెండు మార్కులు కోసేస్తే సరిపోతుంది, ఆఖరి పేరు మళ్లీ సారుదే. కానీ జవాబు తప్పు కాదే! కళ్లు తుడుచుకుని, ఎనిమిదని వేసేసింది.

సారు ఉలిక్కిపడ్డాడు. "ఇది తప్పు పాపా, కోసేయ్!"

"కరెక్టే సార్. మీరు సెప్పించిందే గదా."

"దస్తూరీ బాగలేదు సూడు, రెండు మార్కులు తియ్."

"దస్తూరీకి తియ్యకూడదు సార్."

"ఇంత కటువు టీచరమ్మను నేను యాడా సూళ్లేదు!" అని సారు తల పట్టుకున్నాడు.

శుక్రవారం రానే వచ్చింది. రాజారత్నం పని మానుకుని వచ్చి, ప్రహరీగోడ బయట చెవి ఒగ్గి నిలబడ్డాడు. మేడం నలభై ఒకటి దాకా చదివింది. "నలభై రెండు, మునిరామయ్య..."

"మేడం!" పిల్లల వరసలో చివర్న నిలబడిన సారు చెయ్యెత్తాడు. "నేను కాపీ కొట్టినాను."

"ఎవురి దాంట్లో?"

"గ్రేసీ దాంట్లో. మెడ సాపి సాపి సూసినా. క్లాసంతా సాక్ష్యం."

"అవును మేడం!" అని మిగతా నలభై ఒక్క మందీ అరిచారు.

మేడం కళ్లజోడు తీసి ఆయన్నీ గ్రేసీనీ మార్చి మార్చి చూసింది. పెదవి బిగపట్టి, మళ్లీ మైకు అందుకుంది. "కాపీ కొట్టినందుకు నలభై మూడో నంబరుకు సున్నా. కడా ర్యాంకు ఆయనదే."

ఆ పూట రాజారత్నం బస్టాండు దగ్గర టీ అంగట్లో పదిమందిని ఆపి మరీ చెప్పాడు: "అయ్యవారంతటి అయ్యవారే మా పాప దాంట్లో సూసి రాసినాడప్పా! ఇంగ అది మగ్గం కాడికి యాడ పోతాది?"