మా నాయన తిన్న ప్రసాదం

మా నాయన నన్ను పురిటికి తీసుకుపోవడానికి జగదల్‌పూర్ వచ్చింది ఆషాఢంలో, జగన్నాథుడి రథం ఊరేగే రోజుల్లో. బస్తర్ ఇంకా రాజుల చేతిలోనే ఉన్న కాలం అది. నాకు ఏడో నెల. భద్రాచలం దగ్గరి మా ఊరి నుంచి కొంటా దాకా ఎడ్ల బండి, అక్కడి నుంచి కలప లారీ. దిగేసరికి పంచె మోకాళ్ళ దాకా బురద. కాళ్ళకు నీళ్ళిచ్చేలోపే, "బట్టలు సర్దుకో బిడ్డా, సోమవారం లారీ మళ్ళీ పోతదంట" అన్నాడు.

తొలి కాన్పు తండ్రి ఇంట్లో జరగాలి. మా నాయనకు అది ఎవరూ కదిలించలేని మాట. అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళు. తల్లి లేని పిల్లకు పురుడు కూడా పోయలేదని నలుగురూ అంటారేమోనని ఆయన బెంగ. ఆ బెంగ నాకు తెలుసు. కానీ నాకు వెళ్ళాలని లేదు. వానల్లో ఆ దారి ఎట్లా ఉంటుందో ఎరిగినదాన్ని. వాగు వాగుకీ లారీ ఆగడం, దిగి నడవడం. పైగా పుట్టింట్లో ఉన్నది వదిన ఒక్కతే, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆడపిల్లను అడవిలో ఇచ్చానన్న చింత మా నాయనకు పెళ్ళినాటి నుంచీ ఉంది. మా ఆయనకు సంస్థానం కలప డిపోలో పని. అల్లుడికి మా ఊరి వైపు ఏదో ఒక పని చూస్తానని, ఇక్కడ ఏం ఉందని, కబురు మీద కబురు పంపేవాడు. ఈసారి తీసుకుపోతే మళ్ళీ పంపడని నాకు గట్టిగా అనిపించింది.

నాకు ఓపిక తక్కువ. అది ఆయన పోలికే. ఆ సాయంత్రం ఇద్దరమూ గట్టిగానే మాట్లాడుకున్నాం.

"ఈడ నీకెవలున్నరు బిడ్డా?" అన్నాడు.

"ఊరంతా ఉంది."

"ఊరొచ్చి పురుడు పోస్తదా?"

మా ఆయన మామగారి ముందు నోరు విప్పే మనిషి కాదు, దీపం ఒత్తి సర్దుతూ కూర్చున్నాడు. ఆ ఒత్తి సర్దుడు చూస్తే నాకు ఇంకా మండింది.

మర్నాడు ఆదివారం. జగదల్‌పూర్‌లో ఆదివారం అంటే అంగడి. ఇంటి గొడవ ఎట్లా ఉన్నా అంగడి మానడం నా వల్ల కాదు. బుట్ట తీసుకుని, గుడ్డ సంచిలో ఉప్పు పోసుకుంటుంటే మా నాయన వింతగా చూశాడు.

"అంగడికి ఉప్పు మోసుకపోవుడేంది? ఆడ దొరకదా?"

"ఇక్కడ ఉప్పే పైసా నాయనా."

నిజమే. లోపలి ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు పైసా బిళ్ళ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసేవారు. అదే ఉప్పు పోస్తే ముఖం విప్పారేది. దోసెడు ఉప్పుకు ఆకు దొన్నె నిండా సారపప్పు పోసేవారు. తాను చూసొస్తానని మా నాయన కూడా బయల్దేరాడు. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టం లేక వస్తున్నాడని తెలుసు. సంచి మాత్రం ఆయనే మోశాడు.

ఆ అంగడి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది. వాన సన్నగా పడుతోంది. తల మీద ఆకు గిడుగులు పెట్టుకుని, కావళ్ళు భుజాన వేసుకుని, ఒకరి వెనక ఒకరుగా జనం వస్తూనే ఉన్నారు. ఒక పక్క లేత వెదురు కొమ్ములు, ఒక పక్క ఎండు చేపలు, నేరేడు పళ్ళు, మట్టి కుండలు, విస్తళ్ళ కట్టలు. హల్బీలో బేరం, గోండీలో తిట్టు, హిందీలో రాజుగారి జవాను అదిలింపు, అన్నీ ఒకేసారి వినిపించేవి. రథం పండుగ కదా, ఎవరి చేతిలో చూసినా వెదురు తుపాకులే. అందులో గింజలు కూరి టప్ టప్‌మని పేలుస్తున్నారు. ఒక గింజ మా నాయన వీపున తగిలింది. ఆయన అటు తిరిగి చూసేసరికి పేల్చినవాడు నవ్వుతూ దండం పెట్టాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

ఎర్ర చీమల పచ్చడి అమ్ముతున్న చోట ఆగిపోయాడు.

"చీమలు తింటరా?"

"పుల్లగా బాగుంటుంది నాయనా."

"పులుపుకు చింతపండు లేదా?"

"ఉంది."

"మరి చీమలెందుకే?"

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం, ఇంకా ఎన్ని చూడాలో అన్నట్టు తల పంకించుకుంటూ నడిచాడు. కనిపించిన ప్రతిదానికీ వంక పెట్టాడు. వంకాయలు చిన్నవన్నాడు, అల్లం పీచన్నాడు, దుంపలకు మట్టి ఎక్కువన్నాడు. మట్టి లేకుండా దుంపలు మీ ఊళ్ళో ఆకాశం నుంచి పడతాయా అన్నాను.

అట్లా వెళ్ళి వెళ్ళి ఒక ముసలి రైతు ముందు ఆగాడు. విత్తనాలు పెట్టుకుని కూర్చున్నాడాయన. కొర్రలు, కందులు, సొర గింజలు, ఒక ఆకులో గోరంత గోరంత మిరపకాయలు. పక్కనే ఆయన భార్య విస్తళ్ళు కుడుతోంది. మా నాయన మిరప రైతు. ఆ కాయలు చూసి పకపకా నవ్వాడు.

"ఇవి మిర్పకాయలా? మేక పెంటికల లెక్కున్నయ్."

ముసలాయనకు మాట అర్థం కాలేదు గానీ నవ్వు అర్థమైంది. ఒక కాయ తీసి తినమన్నట్టు చూపించాడు. వద్దు నాయనా అని నేను అంటూనే ఉన్నాను. మిరపకాయ ముందు వెనక్కి తగ్గితే మా నాయన మా నాయన ఎట్లా అవుతాడు? రెండు కాయలు కలిపి నమిలాడు. కాసేపు ఏమీ కాలేదు, మీసం కూడా దువ్వుకున్నాడు. తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. నిలబడలేక అక్కడే బురదలో గొంతుక్కూర్చున్నాడు. ముసలాయన కంగారుగా సొరబుర్రలోని జావ దొన్నెలో వంచి చేతికిచ్చాడు. కులం అడగనిదే ఎక్కడా గుక్కెడు నీళ్ళు పుచ్చుకోని మా నాయన ఆ జావ దొన్నె తర్వాత దొన్నె తాగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా నవ్వారు.

ఇక ఆయన అక్కడి నుంచి కదల్లేదు. మొదట్లో ఇటు మాట అటు, అటు మాట ఇటు నేనే చెప్పాను. కాసేపటికి నా అవసరం తీరిపోయింది. మా నాయన తెలుగులో అడుగుతాడు, ఆయన హల్బీలో చెబుతాడు, ఇద్దరూ చేతులతో నేల మీద సాళ్ళు గీస్తారు. వాన గురించి, ఎడ్ల గురించి, మొక్కను కొరికే పురుగు గురించి. మా నాయన చుట్ట ఇచ్చాడు, ఆయన వెలిగించుకున్నాడు. వాళ్ళను అట్లా వదిలి నేను బోడాల కోసం వెళ్ళాను.

బోడా అంటే పుట్టగొడుగే. గుగ్గిలం చెట్ల కింద తొలి వానలకు మట్టిలోంచి పైకి వస్తుంది. చూడ్డానికి మట్టి గోలీలా ఉంటుంది. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా ఇంకొంచెం మట్టి దిగుతూనే ఉంటుంది. కానీ ఉల్లిపాయ వేసి వండితే, పంటి కింద టప్పున పగిలే ఆ రుచికి ఏడో నెల కడుపుతో ఎంత దూరమైనా నడిచేదాన్ని. ఉన్న ఉప్పంతా దానికే పోసి, బుట్టలో వేసుకుని తిరిగి వస్తుంటే ఆడవాళ్ళు ఉలూలూ అని గొంతెత్తి కేక వేయడం వినిపించింది. అది పెళ్ళిళ్ళలో, దేవుడి దగ్గర వేసే కేక. అంగట్లో ఎవరికి పెళ్ళి అనుకున్నాను.

చూస్తే గుంపు మధ్యలో మా నాయన. నుదుట తడి బియ్యపు గింజలు. ముసలాయన ఆయన్ను కౌగిలించుకుని ఉన్నాడు. మా నాయన ముఖంలో సంతోషం, అయోమయం రెండూ ఉన్నాయి.

"ఏమైంది నాయనా?"

"ఏమైతది? జగన్నాథుడి ప్రసాదమంట, మూటల నుంచి తీసి నోట్ల పెట్టిండు. దేవుడి ప్రసాదం వద్దంటమా? కండ్లకద్దుకుని తిన్న. నాకూ పెట్టమని నోరు తెరిచిండు, పెట్టిన. అంతే."

"అంతే కాదు నాయనా," అన్నాను. నాకు నవ్వు, భయం కలిసి వచ్చాయి. జగన్నాథుడి గుడిలో ఆరబెట్టిన అన్నపు మెతుకులు ఒకరి నోట్లో ఒకరు, నలుగురి ఎదుట పెట్టుకుంటే ఇక్కడ చుట్టరికం కుదిరినట్టు. రక్తం పంచుకున్న అన్నదమ్ములు విడిపోవచ్చు గానీ ఆ ఇద్దరూ విడిపోకూడదు. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా మహాపర్సాద్ అనే పిలుచుకోవాలి. ఇతని పెళ్ళాం అతనికి వదిన, ఇతని పిల్లలు అతనికి పిల్లలు. కులం అడ్డం రాదు. ముసలాయన ముందే అడిగాడట. ఏం అడుగుతున్నాడో తెలియక మా నాయన పెద్దమనిషిలా తల ఊపాడట.

విని నోరు తెరిచాడు. "నన్నడగకుండ చుట్టాన్ని చేసిండా?"

"అడిగాడు. నువ్వే ఊఁ అన్నావు."

ఇంతలో ముసలాయన చూపు నా మీద పడింది. నన్ను చూపించి మా నాయనను ఏదో అడిగాడు. మీ కూతురా, అని. అవునన్నాను. ఎన్నో నెల, ఎక్కడ కాన్పు, అని ఆయన భార్య అడిగింది. మా నాయనకు చెప్పాను. ఆయన ఛాతీ విరిచి, ఈ ఒక్క సంగతిలో తన మాటకు తిరుగు లేదన్నట్టు చెప్పాడు:

"రేపు తీసుకపోతున్న. తొలి కాన్పు తండ్రి ఇంట్లనే కావాలె. చెప్పు వాళ్ళకు."

చెప్పాను. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. అవును, అదే పద్ధతి అన్నాడు. తర్వాత నా నెత్తిన చెయ్యి పెట్టి, "మచో బేటీ" అన్నాడు. నా బిడ్డ, అని. తండ్రి ఇల్లు ఇక్కడికి ఒక పూట నడక కూడా కాదు, వానల్లో అంత దూరం ఎందుకు, మా ఇంట్లోనే కంటుంది అన్నాడు. ఆయన భార్య అప్పటికే నా పాదాలు చూసి తిట్లు లంకించుకుంది. ఇంత వాపు పెట్టుకుని అంగడి తిరుగుతావా అని నా చేతిలో బుట్ట లాక్కుని, తాను కూర్చున్న గోనె మీద నన్ను కూర్చోబెట్టి, నా మడమలు ఒళ్ళో పెట్టుకుని పిసకడం మొదలుపెట్టింది. అమ్మ పోయిన తర్వాత నా కాళ్ళు ఎవరూ పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, మిరపకాయల ఘాటు అని చెప్పాను.

నేను ఆ మాటలన్నీ తెలుగులో చెప్పేదాకా మా నాయన ఊరికే నిలబడ్డాడు. ప్రసాదం తిన్నాడు, కాదనలేడు. కాదంటే దేవుడి మెతుకులకు అబద్ధమాడినట్టు. ఔనంటే కూతుర్ని ఇక్కడ వదలాలి. వాన మీసాల మీద నుంచి కారుతున్నా తుడుచుకోలేదు. నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు చూడకుండ ఎట్ల? చూసొస్త."

అంగడి లేచాక వాళ్ళ వెంట వాళ్ళ ఊరికి వెళ్ళాడు. మా ఆయనా నేనూ బోడాలు వండుకుని, ఏం చెబుతాడో అని ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ తిన్నాం. సోమవారం పొద్దున లారీ వేళకు వచ్చాడు. నా మూట గడపలో పెట్టి ఉంది. దాని వంక చూసి, ఎడ్ల జత కొనేటప్పటిలాగే చెప్పుకొచ్చాడు.

"గొడ్ల సాల ఇంటికి ఎడంగ ఉంది. బావి దగ్గరనే. ఇంట్ల పొగ నిలవదు. ఆ ముసలామె చేతుల మీద ఊళ్ళో సగం మంది పుట్టినరంట." కాస్త ఆగాడు. "మూట లోపల పెట్టుకో."

ఒక్కడే లారీ ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నా కూతురు ఆ ఇంట్లోనే పుట్టింది. వాగులు తగ్గి దారులు తెరిచాక మా నాయన మళ్ళీ వచ్చాడు. మా ఆయన ఉండే ఇంటికి పోలేదు, నేరుగా ఆ ఊరికే వచ్చాడు. మనవరాలిని ఎత్తుకుని, అరుగు మీద కూర్చుని, పుట్టింట్లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వచ్చిన చుట్టంలా నన్ను అడిగాడు:

"అల్లుడింటికి ఎప్పుడు పోతవ్ బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ముసలామె లోపల్నుంచి కేక వేసింది. బిడ్డ మెడ నిలిచేదాకా పంపం అంటోందని మా నాయనకు చెప్పాను. ఆయన పసిదాని పాదాలు అరచేతిలో పెట్టుకుని, మెల్లగా నవ్వాడు.

"వాళ్ళ పిల్లవు, వాళ్ళిష్టం. నేనెవర్నే చెప్పేటందుకు?"