నలుగురు కూతుళ్ళ పేర్లు చెప్పిన ఉస్తానీ

ఉస్తానీ పోయిందన్న కబురు మాచర్ల బళ్ళో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. గురజాల బస్సు కండక్టరు గుమ్మం దగ్గర నిలబడి, "తెల్లారుజామున పోయిందంటమ్మా, మీ నాయన చెప్పమన్నాడు" అని వెళ్ళిపోయాడు. నేను మా ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, ఆమెను వాకిట్లో పందిరి కింద ఉంచారు. వీధంతా అక్కడే ఉంది. ఎవరూ జనాజా పాడె లేపడం లేదు.

"ఇంకా ఎవరి కోసం?" అని అడిగాను.

"ఈపూరు నుంచి ఆమె మరిది కొడుకు రావాలమ్మా" అన్నాడు మసీదు పెద్ద. "కొడుకు లేకపోయె గదా. వారసుడొకడు సరేనంటేనే లేపేది."

ఆ మరిది కొడుకు ఈ గడప తొక్కి పన్నెండేళ్ళు దాటింది. ఉస్తానీ కూతురు, చివరి రెండేళ్ళూ తల్లికి అన్నం తినిపించిన మనిషి, అక్కడే నిలబడి ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మాది దూదేకుల వీధి. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే దిక్కు ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. అందుకే అందరికీ ఆమె ఉస్తానీ, అంటే పంతులమ్మ. పొద్దున్నే ఆమె అరుగు మీద చేరేవాళ్ళం. తల చిక్కుపడి వచ్చిన పిల్లకు ముందు తల దువ్వి, తర్వాత పాఠం చెప్పేది. గొణిగితే ఊరుకునేది కాదు. "తప్పు చదివితే దిద్దుతా. గొణిగితే ఏం దిద్దేదే? గట్టిగా చదవండి!" అనేది. అర్థం అడగని పిల్లను చూస్తే ఇంకా కోపం. "అర్థం తెలీకుండా చదివితే చిలక్కీ నీకూ తేడా ఏందే?"

ఆమె ముగ్గురు కొడుకుల్ని పసితనంలోనే మట్టికిచ్చింది. మిగిలింది ఈ ఒక్క కూతురు. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికి పసుపు రాయడానికి వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలిచేవాళ్ళు, ఆమెను తప్ప. కొడుకులు నిలవని చెయ్యట! అదే చెయ్యి వాళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి మాత్రం పనికొచ్చేది.

సాగర్ ఆనకట్టకు పునాది వేసిన ఏడాది నాకు పదేళ్ళు. అప్పుడే మా అమ్మకు నాలుగో కాన్పు. నాలుగోదీ ఆడపిల్లే. నాయనమ్మ బిడ్డ ముఖం చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. వారం తిరక్కుండానే నాన్నకు బెల్లంకొండలో ఇంకో సంబంధం చూశారు. నాన్న ఊ అనలేదు, ఊహూ అనలేదు. అమ్మ బిడ్డను పక్కలో పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకునేది. పాలు కూడా సరిగా పడలేదు.

ఏడో రోజున ఉస్తానీ వచ్చింది. అమ్మను చూసింది, సంగతి విన్నది, నా చెయ్యి పట్టుకుని నేరుగా నాన్న కొట్టుకు నడిచింది. దూది ఏకే కొట్టు అది, ఎప్పుడూ నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. ఆ రోజు మసీదు పెద్ద కూడా ఉన్నాడు.

"ఏందిరా, పెళ్ళికొడుకువి అవుతున్నావంట?" అంది.

నాన్న దూదేకే విల్లు పక్కన పెట్టాడు. "ఏం చేసేది ఉస్తానీ, నలుగురూ ఆడపిల్లలే అయ్యె. పేరు నిలబెట్టేదానికి ఒక్క మగబిడ్డన్నా వద్దా?"

"మన ప్రవక్త కూతుళ్ళ పేర్లు చెప్పు."

"ఫాతిమా బీబీ" అన్నాడు నాన్న.

"ఇంకా?"

నాన్న మసీదు పెద్ద వైపు చూశాడు. ఆయన గడ్డం సవరించుకున్నాడు.

"తెలీదు గదా! నేను చెప్తా వినండి. జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా. నలుగురు, నీకు మల్లేనే. కొడుకులు ఖాసిం, అబ్దుల్లా మక్కాలో పసికందులప్పుడే పోయారు. తర్వాత మదీనాలో పుట్టిన ఇబ్రాహీమూ దక్కలేదు. మక్కాలో బిడ్డలు పోయిన దుఃఖంలో ఆయనుంటే అక్కడోళ్ళు ఏమన్నారో తెలుసా? తోక తెగినోడన్నారు. పోతే పేరు తలిచేవాడు లేడన్నారు. అన్నదెవరు? ఆయన శత్రువులు! దానికి జవాబుగా ఖురాన్‌లో దిగిన చిన్న సూరాని రోజూ నమాజులో చదువుతూనే, మళ్ళా వాళ్ళ మాటే మీరంటున్నారు. ఆయన వంశం నిలబడింది కూతురి కడుపునే గదంట్రా!"

"ఆడమనిషివి, అంగట్లోకొచ్చి మాకు దీన్, ధర్మం చెప్తావా?" అన్నాడు మసీదు పెద్ద.

"ఇంట్లో చెప్తే మీ ఆడోళ్ళు వింటారు. వినాల్సింది మీరు. అందుకే ఇక్కడికొచ్చా."

నాన్న ముఖం ఎర్రబడింది. "ఇక పో ఉస్తానీ" అన్నాడు. ఆ మర్నాటి నుంచి నాన్న మమ్మల్ని ఆమె అరుగు ఎక్కనివ్వలేదు.

ఇరవై రోజులైంది. ఒక పూట నాన్న ఆమె ఇంటి ముందుకెళ్ళి నిలబడ్డాడట. ఈ సంగతి చానా ఏళ్ళకు నాన్నే నాకు చెప్పాడు. "అందరి ముందూ తిట్టావు సరే. ప్రవక్త తన కూతుళ్ళను ఎట్ట చూసుకున్నాడో అది కూడా చెప్పు" అన్నాడట. ఆమె లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చి చెప్పింది: ఫాతిమా వస్తే ఆయన లేచి ఎదురెళ్ళి, ముద్దుపెట్టుకుని, తన చోట కూర్చోబెట్టుకునేవాడని, జైనబ్ కూతుర్ని భుజాన ఎత్తుకునే నమాజు చదివాడని.

ఆ సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే నాన్న మంచం మీద నుంచి లేచాడు. కొడతాడేమోనని నేను వాకిట్లోనే ఆగిపోయాను. గడ్డం నిండా దూది పోగులు. తర్వాత ఏం చెయ్యాలో ఆయనకూ తెలియలేదు. మంచం చూపించి, "కూర్చో. బళ్ళో ఏం చెప్పారు?" అన్నాడు.

బెల్లంకొండ సంబంధం అంతటితో పోయింది. చెల్లెలికి అమ్మే పేరు పెట్టింది, రుఖయ్యా అని. నేను పంతులమ్మనైంది ఆ తర్వాతే, నాన్న దగ్గరుండి చదివించడం వల్లే.

ఇన్నేళ్ళలో ఆనకట్ట లేచింది, కాలవల్లోకి నీళ్ళొచ్చాయి. మసీదు పెద్దకు మాత్రం ఆ రోజు విన్నది చెవి దాటి లోపలికి పోలేదు. లేకపోతే ఆ తల్లిని ఎండపొద్దున అంతసేపు పందిరి కింద పెట్టి, ఎవడో మరిది కొడుకు కోసం దారి చూస్తాడా? నేను ఏదో అనబోయాను. నాకంటే ముందు నాన్న లేచాడు.

"వారసురాలు ఎదురుగానే ఉంది గదా, ఇంకెవరి కోసం?" అని, ఆమె కూతురి దగ్గరికెళ్ళి మెల్లగా అడిగాడు. "అమ్మా, మీ అమ్మను తీసుకెళ్ళమంటావా?"

ఆమె తల్లి మీది తెల్లబట్ట సవరించింది. తర్వాత అంది, "తీసుకెళ్ళు మామా."

మసీదు పెద్ద ఏదో అన్నాడు. ఎవరూ వినలేదు. నాన్నే ముందుగా జనాజాకు భుజం పట్టాడు.

శ్మశానానికి ఆడవాళ్ళు పోకూడదని, మేం వీధి మలుపు దగ్గర ఆగిపోయాం. ఉస్తానీ కూతురు మాత్రం ఇంకో నాలుగడుగులు వేసి, దారి మధ్యలో ఒట్టి కాళ్ళతో నిలబడింది. ఎదురుగా మిరపకాయ బస్తాల బండి వచ్చి ఆగింది. బండాయన తప్పుకొమ్మని అరవలేదు. దిగి, తలగుడ్డ తీసి, ఎద్దుల పగ్గం పట్టుకుని నిలుచున్నాడు. ఆమె కదిలేదాకా ఆ బండి కదల్లేదు.